రేవు పడవ ఇంజను ఏల వేడెక్కును?

లంక గ్రామములలో నివసించువారికి రేవు పడవయే రహదారి. బడికి పోవు పిల్లలు, పురిటికి ఆసుపత్రి చేరవలసిన స్త్రీలు, పాలబిందెలతోను అరటిగెలలతోను బజారునకు బయలుదేరు రైతులు, అందరును ఆ పడవ మీదనే ఏరు దాటవలెను. గోదావరి పాయలపై వంతెనలు కొన్ని వెలసినవి. 2002వ సంవత్సరములో యానాము, ఎదుర్లంకల నడుమ వంతెన తెరచిన పిదప అచ్చట పడవ కొరకు గట్టున వేచియుండు అవసరము తప్పినది. ఐనను వంతెన చేరని లంకలు ఇంకను పెక్కులు కలవు. ఒకప్పుడు గడకర్రలతోను తెరచాపలతోను సాగిన ఈ పడవలకు ఇప్పుడు డీజిలు ఇంజనులు అమర్చబడినవి.

రేవుపాట జరుపు అధికారము కొన్ని చోట్ల గ్రామ పంచాయతీకి, కొన్ని చోట్ల పై సంస్థలకు ఉండును. ఎవరి చేతిలో ఉన్నను ఆ పడవ ఎక్కువారు మీ గ్రామస్థులే. పాట ఎంతకు పోయినది, మనిషికి ఎంత, సైకిలుకు ఎంత, మోటారు సైకిలుకు ఎంత అను సంగతులను సభ్యులు చక్కగా విచారింతురు. పడవలో ఎందరు ఎక్కవలెనో, లైఫ్ జాకెట్లు ఉన్నవో లేవో కూడ ఇటీవల అడుగుచున్నారు. మంచిదే. కాని ఇంజను మాట వచ్చునప్పటికి “అది సరంగు చూచుకొనును” అని విడిచిపెట్టుట పరిపాటియైనది. సభ్యులందరును మెకానిక్కులు కావలెనని మేము చెప్పబోవుట లేదు. ఐతే ఇంజను జబ్బులలో ఒకటి మాత్రము చదువుతో గాని పనిముట్లతో గాని అక్కర లేకుండ, గట్టున నిలుచుండి కంటితో కనిపెట్టదగినది కలదు. అదియే వేడెక్కుట.

ఇది ఇంజను ఖరీదునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. చుక్కాని పనిచేయవలెనన్న పడవకు నీటిలో సొంతనడక ఉండవలెను. ఇంజను ఆగిపోయి పడవ ప్రవాహముతో పాటు కొట్టుకొని పోవునపుడు చుక్కానిని ఎటు త్రిప్పినను దానికి పట్టు చిక్కదు. అప్పుడు పడవ సరంగు మాట వినదు, ఏటి మాట వినును. ఏటిలో వంతెన స్తంభములు ఉండవచ్చును, ఆనకట్ట ఉండవచ్చును, ఇసుకమేటలు ఉండవచ్చును. 2018 జూలైలో పశువులలంక వద్ద గౌతమీ పాయలో ఒక పడవ కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభమునకు తగిలి తిరగబడగా బడిపిల్లలు మృతి చెందిరి. వరద రోజులలో స్తంభముల చెంత పడవ అదుపు తప్పుట యెంతటిదో చెప్పుటకు ఆ యొక్క దుర్ఘటన చాలును.

ఇంజనులోని నిప్పు, దాని చుట్టును నీరు

ఇంజను సిలిండరులో డీజిలు మండునపుడు పుట్టు వేడి 1,500 డిగ్రీలకు మించియుండును. ఇంజను పోత పోసిన ఇనుమో, సుమారు 1,200 డిగ్రీలకు కరగిపోవును. ఐనను ఇంజను కరగకుండుటకు కారణము, ఆ మంట క్షణములో కొంత భాగము మాత్రమే ఉండుటయు, దాని చుట్టును గోడలలో నీరు ఎడతెగక తిరుగుచుండుటయు. మనము కొని పోసిన డీజిలు వేడిలో సుమారు మూడవ వంతు పడవను నడుపును. మూడవ వంతు పొగతో పోవును. మిగిలిన దానిలో అధికభాగమును నీరే మోసికొనిపోవలెను. పొయ్యిమీది కుండలో నీరున్నంత వరకు కుండ పగలదు. నీరు ఇగిరిపోయిన పిదప ఎంత గట్టి కుండయైనను నిలువదు. ఇంజను సంగతియు అంతే. నీరు తగ్గినచో ఆయిలు పలుచబడును, పిస్టను ఉబ్బి సిలిండరులో బిగుసుకొనును, పైమూత వంకరపోవును, మూతకు క్రింద గల గాస్కెట్టు కాలిపోవును.

మన పడవలలో నీరు తిరుగు విధములు ముఖ్యముగా మూడు. ఒకే సిలిండరు గల చిన్న ఇంజనులలో కొన్నిటికి పైన నీటితొట్టి ఉండును. దానిలోని నీరు మరగి ఆవిరియై పోవుచు వేడిని కొనిపోవును. తగ్గిన కొలది నీరు పోయవలెను. దీనిలో నీరు మరుగుట జబ్బు కాదు, తొట్టి ఎండుటయే జబ్బు. రెండవ రకములో పంపు ఏటినీటినే పీల్చి ఇంజను గోడలలో త్రిప్పి తిరిగి ఏటిలోనికి చిమ్మును. ఇది చవుకైన పద్ధతియే గాని, ఏటిలో ఏమున్నదో అంతయు ఇంజనులోనికి పోవును. సముద్రపు పోటు ఎక్కు చోట్ల ఈ పద్ధతిని వాడువారు నీటిని సుమారు 60 డిగ్రీలు దాటనీయరు. దాటినచో ఉప్పును సున్నమును లోపలి గోడలకు గట్టిగా పట్టును.

మూడవ రకము పెద్ద పడవలలోను లాంచీలలోను కనబడును. అందు రెండు నీళ్ళు ఉండును. ఇంజను గోడలలో తిరుగు మంచినీరు వేరు, ఏటినుండి వచ్చు నీరు వేరు. సన్నని గొట్టములు గల ఒక పెట్టెలో ఈ రెండును ఒకదాని ప్రక్కన ఒకటి ప్రవహించును గాని కలియవు. మంచినీటి వేడిని ఏటినీరు అందుకొని బయటకు పోవును. మెకానిక్కులు ఈ పెట్టెను హీట్ ఎక్స్ఛేంజరు అందురు. మరికొన్ని పడవలలో ఆ పెట్టెకు బదులు పడవ అడుగున బయటి ప్రక్క గొట్టములు బిగించి మంచినీటిని వానిలో త్రిప్పుదురు. ఈ రెంటిలో నీటి వేడి 75 మొదలు 90 డిగ్రీల వరకు ఉండుట సాధారణము. అంతకు మించి ముల్లు పైకి పోవుచున్నచో ఏదో ఒక చోట నీటికి దారి మూసుకొన్నదన్న మాట.

నీటి వెంట నడువవలెను

ఇంజను వేడెక్కినపుడు చాలమంది చేయు మొదటి పొరపాటు, చేతికందిన భాగమును మార్చుట. రెండవ పొరపాటు, అది కుదరనపుడు మరియొక భాగమును మార్చుట. ఈ విధముగా నాలుగు భాగములు మార్చిన పిదప పడవ యజమాని జేబు చల్లబడును గాని ఇంజను చల్లబడదు. మేము చెప్పు పద్ధతి ఒక్కటే. నీరు పడవలోనికి ప్రవేశించు చోటునుండి బయటకు పడు చోటు వరకు దాని వెంట నడువవలెను.

బయటకు పడు చోటు గట్టుమీది వారికి కూడ కనబడును గనుక అచ్చటినుండియే ఆరంభింతము. ఏటినీరు తన పని ముగించుకొని పడవ ప్రక్కనుండియో, పొగగొట్టములో పొగతో కలిసియో బయటకు పడును. ఇంజను వేగము హెచ్చిన కొలది ఆ ధార కూడ హెచ్చవలెను. ఈ ధారను చూచి మూడు సంగతులు తెలిసికొనవచ్చును. ధార సన్నగిల్లినచో ఏటినీటి దారిలోనే అడ్డున్నది. అనగా అడుగు రంధ్రము, వాల్వు, జల్లెడ, పంపు, గొట్టము అను వానిలో ఎక్కడనో ఒకచోట. ధార నిండుగా పడుచు గోరువెచ్చగా మాత్రమే ఉండి, లోపల ముల్లు మాత్రము పైకెక్కుచున్నచో ఏటినీరు తన పని చేయుచున్నది, మంచినీరు తన వేడిని తెచ్చి దానికి అప్పగించుట లేదు. అప్పుడు వెదకవలసినది లోపలి నీటి దారిలో. ధార పడుచున్నను ఆవిరి గ్రక్కుచున్నచో నీరు చాలకున్నదో, ఇంజను మీద భారము మితిమీరినదో అయియుండును. ఈ మూడింటిని వేరు చేసి చెప్పగలిగినచో సగము పని అయినట్లే.

తరువాత అడుగవలసిన ప్రశ్న, “ఎప్పుడు?” అనునది. వైద్యుడు జ్వరము ఏ వేళకు వచ్చుచున్నదని అడుగునట్లే ఇంజను జ్వరమును గురించియు అడుగవలెను. మెల్లగా నడుచునపుడు బాగుండి వేగము పెంచినపుడు మాత్రమే వేడెక్కుచున్నదా? ఐనచో పీల్చు గొట్టము లోపలికి నొక్కుకొనుచున్నదేమో చూడవలెను. పాత రబ్బరు గొట్టము ఇంజను ఆగియుండగా గుండ్రముగానే కనబడును. పంపు గట్టిగా పీల్చునపుడు బోలు తాటిమట్టవలె చప్పబడి దారి మూయును. మొదలుపెట్టిన కొద్ది నిమిషములకే వేడెక్కుచున్నదా? పంపు నీటిని బొత్తిగా ఎత్తుట లేదు. నెలల తరబడి ముల్లు కొంచెము కొంచెముగా పైకి జరుగుచున్నదా? లోపల పాచి గాని సున్నపు పొర గాని పెరుగుచున్నది. నిండు బరువుతో ఎదురేటికి పోవునపుడే వేడెక్కుచున్నదా? నీటి దారిని చూచుటతో పాటు ఎక్కినవారిని కూడ లెక్కపెట్టవలెను.

ఒక లంకలో మేము చూచినది

“ఎప్పుడు?” అను ప్రశ్న ఎంత దూరము తీసికొనిపోవునో మాకు ఒక లంక గ్రామములో తెలిసివచ్చినది. సముద్రమునకు దగ్గరగా ఉన్న ఆ గ్రామపు రేవు పడవ ఏటి నడుమ వేడెక్కి ఆగుచుండెను. సరంగు లంగరు వేయును, కొంతసేపు ఆగును, తిరిగి ఇంజను వేసినచో ఏమియు జరుగనట్లు నడచును. పట్టణమునుండి మెకానిక్కు రెండుసారులు వచ్చెను. పంపులోని రబ్బరు చక్రమును మార్చెను. థర్మోస్టాటును మార్చెను. పెట్టెను విప్పి కడిగెను. ఆయన ఉన్నంతసేపు ఇంజను వేడెక్కలేదు. వెళ్ళిన వారమునకు మరల మొదలు. మేము వెళ్ళునప్పటికి పంచాయతీ వారు క్రొత్త ఇంజను కొనుటకు తీర్మానము సిద్ధము చేసికొనియుండిరి.

ఆ రేవులో టిక్కెట్లు కోయు యువకుడు ఆలస్యమునకు తనను ఎవరును తప్పుపట్టకుండుటకై, వేడెక్కిన ట్రిప్పు ఎదుట తన పుస్తకములో వేళ వేసి “వేడి” అని వ్రాసికొనుచుండెను. ఆ పుస్తకము తెప్పించి చూచితిమి. ఒక దినము మధ్యాహ్నము 3 గంటల ప్రాంతమున, మరునాడు 4కు పది నిమిషములు ఉన్నదనగా, మూడవనాడు 4.40కి, నాలుగవనాడు 5.30కి. పిదప పది దినములు ఆ మాటయే లేదు. మరల 3 గంటలతో మొదలు. మేము క్యాలెండరు ప్రక్కన పెట్టి చూడగా మొదటిది అమావాస్య, రెండవది పౌర్ణమి. “ఇంజనునకు అమావాస్య పట్టినది” అని ఒక సభ్యుడు అనగా అందరు నవ్విరి. కాని గట్టున వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుడు నవ్వలేదు. ఆయన వేళలు రెండు విని, “అది పాటు వేళ గదా!” అనెను.

సముద్రపు పోటుపాటులు నిత్యము ఒకే వేళకు రావు. దినమునకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. అమావాస్యకు పౌర్ణమికి నీరు ఎక్కువగా ఎక్కును, ఎక్కువగా తీయును. అష్టమి ప్రాంతమున ఆ హెచ్చుతగ్గులు స్వల్పము. టిక్కెట్టు పుస్తకములోని వేళలు ఈ లెక్కకు సరిగా కుదిరినవి. జబ్బు ఇంజనులో లేదు, రేవు లోతులో ఉన్నది.

తరువాతి అమావాస్యనాడు 3 గంటల పడవలో మేమును ఎక్కితిమి. నీరు బాగుగా తీసియుండెను. పడవ అడుగు ఇంచుమించు బురదను తాకుచుండెను. సరంగు గట్టునుండి విడిపించుటకై వెనుక గేరు వేసెను. పంకా త్రోసిన నీరు పడవ అడుగున ముందుకు ప్రవహించి, అడుగునున్న ఒండ్రునంతను లేపి, నీరు పీల్చు రంధ్రము వద్దకే చేర్చెను. నీరు నల్లబడుట మేము కన్నులార చూచితిమి. నడి ఏటికి చేరునప్పటికి ప్రక్క ధార సన్నగిల్లినది, ముల్లు పైకెక్కినది. సరంగు వేగము తగ్గించి, లంగరు వేసి, ఇంజను ఆపెను. కొంతసేపటికి పడవ అడుగునుండి ఒక ప్లాస్టిక్ సంచి, గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకొని, మెల్లగా తేలి వచ్చినది. పంపు పీల్చుచున్నంతసేపు అది రంధ్రమునకు అంటుకొనియుండెను. పీల్పు ఆగగానే విడిపోయినది. మెకానిక్కు ఇంజనును ఎప్పుడును ఆపియే విప్పెను గనుక ఆయనకు దొంగ దొరకలేదు. ఆయన పనిలో లోపము లేదు. ఆయన వచ్చిన రెండు దినములును పోటు వేళలు.

జల్లెడ విప్పగా దానిలో సగము వరకు ఒండ్రు. సరంగు దానిని కడిగి బిగించి ఇంజను వేయగా ధార నిండుగా పడినది.

గ్రామస్థులు చేసిన మరమ్మతు చిన్నది. నీరు పీల్చు రంధ్రమును పడవ నట్టడుగునుండి ప్రక్కకు, కొంచెము ఎత్తునకు మార్పించిరి. పడవ ఖాళీగా తేలునపుడు కూడ అది నీటిలోనే ఉండునట్లు జాగ్రత్త పడిరి. లేనిచో గాలి పీల్చును. దానిపై కమ్మీల తడిక బిగించిరి. రేవులో బల్లకట్టును లోతునకు పొడిగించిరి. పాటు వేళ గట్టు విడుచుటకు ఇంజను వెనుక గేరు వాడక గడకర్రతోనే లోతునకు నెట్టుకొనవలెనని సరంగునకు చెప్పిరి. క్రొత్త ఇంజను తీర్మానము విరమింపబడినది. కొనియున్నచో అదియు అమావాస్యకు ఆగియుండెడిది.

తక్కిన కారణములు

అన్ని రేవులకు పోటుపాటులు లేవు. ఎగువ రేవులలో వేరు కారణములు ఉండును. వానిలో పెద్దది పంపులోని రబ్బరు చక్రము. దాని రెక్కలు నీటితోనే తడియుచు జారుచు తిరుగును. నీరు లేక తిరిగినచో ఒకటి రెండు నిమిషములలోనే కాలి విరుగవచ్చును. వాల్వు మూసియుండగా ఇంజను వేయుట దీనికి ముఖ్యకారణము. మార్చునపుడు విరిగిన ముక్కలను లెక్కపెట్టవలెను. ఆరు రెక్కలలో నాలుగే మిగిలియున్నచో తక్కిన రెండు ఎక్కడికో పోయినవి, సాధారణముగా పెట్టెలోని సన్నగొట్టముల మొదట పోయి కూర్చుండును. వానిని తీయక క్రొత్త చక్రము వేసినచో వేడి తగ్గదు, క్రొత్త చక్రము చెడ్డదన్న అపవాదు మిగులును.

పీల్చు ప్రక్క గొట్టమునకు సన్నని పగులున్నను నీరు కారదు, గాలి లోపలికి పోవును. అందుచేత అది కంటికి కనబడదు. జల్లెడ మూతకు అద్దమున్నచో బుడగలు తెలియును. బెల్టుతో తిరుగు పంపు ఐనచో బెల్టు నడుమ బొటనవ్రేలితో నొక్కగా సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోవలెను. అంతకు మించి వదులైనచో జారుచున్నదన్న మాట.

లోపలి నీటి దారిలో మొదట చూడవలసినది నీరున్నదా లేదా అనునది. ఇది మరీ చిన్న మాటగా తోచును గాని, గొట్టపు కట్టు వదులై చుక్కచుక్కగా కారి తొట్టి ఎండిన పడవలను మేము ఎరుగుదుము. థర్మోస్టాటు అనునది ఇంజను తగినంత వేడెక్కు వరకు నీటిని ఆపి పిదప విడుచు చిన్న తలుపు. అది మూతబడి బిగుసుకొనవచ్చును. దానిని విప్పి దారముతో కట్టి నీళ్ళ గిన్నెలో వ్రేలాడదీసి, గిన్నెను పొయ్యిమీద పెట్టి కాచినచో, దానిమీద ముద్రించిన డిగ్రీల వద్ద తెరచుకొనుట కనబడును. తెరచుకొననిచో మార్చవలెను. కొందరు సరంగులు దానిని తీసి పారవేసి నడుపుదురు. ఇది మంచి అలవాటు కాదు. ఇంజను ఎప్పటికిని తగిన వేడికి రాక డీజిలు సరిగా మండదు, సిలిండరు త్వరగా అరగును.

తొట్టిలో ఏ నీరు పోయుచున్నారన్నది కూడ అడుగవలెను. సముద్రతీర గ్రామములలో బోరు నీరు చాలచోట్ల ఉప్పగానో చవుడుగానో ఉండును. అది మరగిన కొలది లోపల సున్నపు పొర కట్టును. ఆ పొర ఎంత పలుచనైనను వేడిని దాటనీయదు. దుకాణములలో దొరకు కూలెంటు పోయుట మేలు. అది లేనపుడు శుభ్రముగా పట్టిన వాననీరు బోరు నీటికంటె ఎంతో నయము.

తొట్టిలో బుడగలు ఎడతెగక వచ్చుచున్నను, ఆయిలు మజ్జిగవలె తెల్లబారినను గాస్కెట్టు పోయినదని అనుమానింపవలెను. అట్టి పడవను మెకానిక్కు చూచు వరకు రేవులోనే కట్టివేయవలెను, ఒక్క ట్రిప్పు కూడ నడుపరాదు. నల్లపొగ వచ్చుచు వేడెక్కుచున్నచో పంకాకు వల ముక్క గాని త్రాడు గాని చుట్టుకొనినదేమో చూడవలెను. ఇక ముల్లే అబద్ధమాడు సందర్భములును కలవు. ముల్లు ఎరుపులో ఉండి, ధార నిండుగా చల్లగా ఉండి, ఇంజను వాసనలోను చప్పుడులోను మార్పు లేనిచో, ముల్లుకు వార్త పంపు తీగను పరీక్షింపవలెను. ఐనను పరీక్షించు వరకు ముల్లు నిజమే చెప్పుచున్నదని భావించుట క్షేమము.

ఏటి నడుమ వేడెక్కినపుడు

ఇచ్చట సరంగు చేయు నిర్ణయము మీదనే ఎక్కినవారి ప్రాణములు ఆధారపడియుండును గనుక సభ్యులు ఈ భాగమును అతనితో కూర్చుండి చదువవలెనని కోరుచున్నాము.

ముల్లు పైకెక్కగానే ఇంజను ఆపరాదు. మొదట వేగము తగ్గించి, పడవను స్తంభములకు, సుడులకు దూరముగా త్రిప్పుకొని, దగ్గరి గట్టునకో మెరకకో చేర్చవలెను. చేరుట సాధ్యము కానిచో లంగరు వేసి, అది పట్టినదని చూచుకొని, అప్పుడు ఇంజను ఆపవలెను. వంతెన స్తంభమో ఆనకట్టయో దిగువనే ఉండగా ముల్లు ఎరుపునకు పోయినను ఇంజనును నడుపుచునే ఉండవలెను. ఇంజను కాలిపోవును గాక! దానిని మరల కొనవచ్చును. పాటదారుడు ఇంజను ఖర్చు జీతములో కోసికొనునేమో అను భయము సరంగు మనస్సులో ఉన్నంతకాలము ఈ మాట నోటితో చెప్పిన చాలదు. వేడెక్కినపుడు ఎక్కినవారి క్షేమము కొరకు నడిపి చెడిన ఇంజనునకు సరంగు బాధ్యుడు కాడని పాట షరతులలోనే వ్రాసియుంచవలెను. మేము చూచిన షరతులలో ఇది ఎచ్చటను లేదు.

లంగరు పడినపిదప తొట్టి మూతను వెంటనే తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండి 100 డిగ్రీలు దాటియు మరగక నిలిచియుండును. మూత వదులైన క్షణమున అది ఆవిరియై ముఖమున చిమ్మును. అరగంటకు తక్కువ కాకుండ ఆగి, గోనెపట్టా మడచి మూతపై వేసి, మెల్లగా త్రిప్పవలెను. కాలుచున్న ఇంజనులో చల్లని ఏటినీరు పోయుట మరియొక ప్రమాదము. వేడి పెనము మీద చన్నీళ్ళు పడినట్లు ఇనుము పగులును. ఈలోగా ఎక్కినవారిని ఒకే ప్రక్కకు చేరనీయక కూర్చుండబెట్టుట టిక్కెట్లవాని పని.

పంచాయతీ చేయదగినది

యంత్రముతో నడచు పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రములు ఉండవలెనని 1917 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము విధించుచున్నది. ఆ పత్రములను అడిగి చూచుట సభ్యులకు హక్కును విధియును. కాని తనిఖీ సంవత్సరమున ఏదో ఒక దినమున జరుగును, పడవ ప్రతిదినము నడచును. కావున పాట షరతులలో మరికొన్ని చేర్చుట మంచిది. పడవలో ఒక రబ్బరు చక్రము, ఒక బెల్టు, రెండు మూరల గొట్టము, కట్లు ఎప్పుడును సిద్ధముగా ఉండవలెను. వీని వెల ఒక పండుగ దినపు వసూలులో తేలిపోవును. లంగరు, దానికి ఏటి లోతునకు పలురెట్లు పొడవు గల మోకు, రెండు గడకర్రలు ఉండవలెను. వరద రోజులలో లోతును వరదకు తగినట్లే లెక్కించవలెను. వేసవిలో కొలిచిన మోకు శ్రావణములో చాలదు.

అన్నింటికంటె చవుకైనది పుస్తకము. తేదీ, తిథి, వేళ, ఎక్కినవారి సంఖ్య, ముల్లు చూపిన డిగ్రీలు, ధార నిండుగా పడినదా సన్నగా పడినదా అని ఐదారు గడులు గీసి, చుక్కాని ప్రక్క మేకునకు త్రాడుతో వ్రేలాడదీయవలెను. సరంగునకు వ్రాత రానిచో టిక్కెట్లవాడు వ్రాయును. నెలకొకసారి పంచాయతీ సమావేశమునకు ఆ పుస్తకము తెప్పించి చూడుడు. పైకి పోవుచున్న అంకెలు ఇంజను ఆగుటకు చాల ముందుగానే కనబడును.

ఆషాఢ శ్రావణములలో ఎగువనుండి ఎర్రనీరు దిగును. ఆ నీటిలో మట్టి, ఆకులలములు, గుర్రపుడెక్క అన్నియు ఉండును. వేసవిలో వారమునకొకసారి కడిగిన జల్లెడను ఆ రోజులలో ప్రతి ట్రిప్పు చివరను విప్పి కడుగవలెను. ఎర్రనీరు తగ్గినపిదప పెట్టె మూత విప్పించి లోపల ఒండ్రు పేరినదేమో చూపించుకొనవలెను. ఈ సంవత్సరము మీ రేవులో ఆ పని జరిగినదో లేదో రేపు ఉదయము మొదటి పడవకు గట్టునకు పోయి ప్రక్కధార చూచినచో తెలియును.